ఇంటి నెట్‌వర్క్‌లో ఒకే కంప్యూటర్‌కు వెబ్‌సైట్ల నిరోధం

ఇంటిల్లిపాదీ ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ వాడుకుంటున్నప్పుడు, మిగతా ఫోన్లకూ టీవీకీ ల్యాప్‌టాప్‌లకూ ఆటంకం లేకుండా, ఎంచుకున్న ఒక్క కంప్యూటర్‌లో మాత్రం కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోకుండా చేసే ఏర్పాటు ఇది. పోటీ పరీక్షలకు చదివే పిల్లల కంప్యూటర్, దుకాణం లెక్కలు రాసుకునే కంప్యూటర్, మోసపు లింకులు నొక్కే ప్రమాదమున్న పెద్దవాళ్ల కంప్యూటర్ – దీని అవసరం ఎక్కువగా ఈ మూడు చోట్ల పడుతుంది. పని చిన్నదిగానే కనిపిస్తుంది. కష్టమంతా ‘ఒకే’ అన్న మాటలో ఉంది. ఇల్లు మొత్తానికి ఒక సైటును ఆపడం తేలిక. ఒక్క యంత్రాన్ని మాత్రం ఆపాలంటే అడుగుతున్నది ఎవరు, అడుగుతున్నది దేన్ని అన్న రెండు సంగతులూ నెట్‌వర్క్‌కు తెలియాలి. గత పదేళ్లకు పైగా ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ వచ్చిన గోప్యతా మార్పులు ఈ రెండింటినీ అపరిచితుల కంట పడకుండా దాస్తూ వచ్చాయి. ఆ తెర ఇంటివాళ్లకూ అడ్డుపడుతుంది. అందుకే ఒకప్పుడు రౌటర్‌లో రెండు గడులు నింపితే సరిపోయిన పనికి ఇప్పుడు రెండు మూడు చోట్ల కట్టడి వేయాల్సి వస్తోంది.

ఇంటి లోపలి అమరిక

ఫైబర్ కనెక్షన్ ఇచ్చే సంస్థ గోడకు బిగించే పెట్టెలోనే ఇప్పుడు మోడెమ్, రౌటర్, వైఫై మూడూ కలిసి వస్తున్నాయి. ఐపీవీ4 అనే పాత చిరునామాల పద్ధతిలో బయటి ప్రపంచానికి ఇల్లంతా ఒకే ఐపీ చిరునామాతో కనిపిస్తుంది. లోపల మాత్రం ప్రతి పరికరానికీ రౌటర్ ఒక్కో చిరునామా ఇస్తుంది. 192.168తోనో 10తోనో మొదలయ్యే ఈ అంకెలను లోపలి వాడకానికని 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ప్రమాణపత్రం ప్రత్యేకించింది. లోపలి చిరునామాను బయటిదిగా మార్చి పంపే పనిని న్యాట్ అంటారు. ఐపీ చిరునామాలు చాలక, అనేక సంస్థలు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి వాడుతున్నాయి. అందుకోసం 2012లో 100.64తో మొదలయ్యే మరో వరుసను విడిగా కేటాయించారు.

కట్టడి ఎక్కడ వేయాలన్నది ఈ అమరికను బట్టే తేలుతుంది. ఇంటి బయట ఉన్న ఏ సేవా ‘ఇది హాల్లోని కంప్యూటర్, అది అమ్మ ఫోను’ అని తనంతట తాను గుర్తుపట్టలేదు. దానికి కనిపించేది ఒకే ఇల్లు. పైన చెప్పిన ఉమ్మడి చిరునామా ఉన్న చోట ఆ ఇల్లు కూడా విడిగా కనిపించదు. కాబట్టి ఒక్క కంప్యూటర్‌కు మాత్రమే వర్తించే నియమం ఆ కంప్యూటర్‌లోనైనా ఉండాలి, ఇంట్లోని రౌటర్‌లోనైనా ఉండాలి, లేదా ఆ రెండింటి మధ్య ఇంట్లోనే పెట్టుకున్న ఒక చిన్న సర్వర్‌లోనైనా ఉండాలి.

యంత్రాన్ని గుర్తుపట్టడం

రౌటర్ ఇచ్చే లోపలి చిరునామా అద్దె గది లాంటిది. డీహెచ్‌సీపీ అనే పద్ధతిలో దాన్ని కొంత గడువుకు ఇస్తుంది. గడువు తీరాక అదే అంకె మరో పరికరానికి పోవచ్చు. ఐపీ చిరునామా మీద నిరోధం పెట్టి ఊరుకుంటే కొన్నాళ్లకు ఆ నిరోధం నాన్నగారి ఫోను మీద పడి, ఆపాల్సిన కంప్యూటర్ స్వేచ్ఛగా తిరగడం మామూలే. అందుకే ముందుగా చేయాల్సింది రిజర్వేషన్: ఫలానా కంప్యూటర్ వచ్చినప్పుడల్లా 192.168.1.50 మాత్రమే ఇవ్వమని రౌటర్‌కు చెప్పడం. చాలా రౌటర్లలో ఇది డీహెచ్‌సీపీ పేజీలోనే ఉంటుంది.

ఫలానా కంప్యూటర్ వచ్చిందని రౌటర్‌కు తెలిసేది మ్యాక్ చిరునామా ద్వారా. ఇది 48 బిట్లది, పన్నెండు అక్షరాంకెలుగా రాస్తారు. మొదటి సగం తయారీ సంస్థను సూచిస్తుంది, రెండో సగం ఆ కార్డును సూచిస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మ్యాక్ చిరునామా కంప్యూటర్‌కు చెందదు, అందులోని నెట్‌వర్క్ కార్డుకు చెందుతుంది. ఒకే ల్యాప్‌టాప్‌కు వైఫైకి ఒకటి, కేబుల్ సాకెట్‌కు మరొకటి ఉంటాయి. వైఫై మ్యాక్ మీద పెట్టిన నిరోధం కేబుల్ గుచ్చిన క్షణంలో మాయమవుతుంది. రెంటినీ నమోదు చేయాలి.

మ్యాక్ చిరునామా మారదన్న భరోసా కూడా ఇప్పుడు లేదు. దుకాణాల్లో, మాల్స్‌లో తిరిగేవాళ్ల ఫోన్లను ఈ అంకెల ఆధారంగా వెంబడించడం పెరిగాక, 2014లో యాపిల్ ఐఓఎస్ 8 వైఫై కోసం వెతికేటప్పుడు కల్పిత చిరునామా వాడటం మొదలుపెట్టింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత చిరునామా చూపించడాన్ని మామూలు పద్ధతిగా మార్చాయి. విండోస్‌లోనూ ఈ వీలుంది, కావాలనుకుంటే ఆన్ చేసుకోవాలి. ఇది మంచి మార్పే, బజారులో మనల్ని ఎవరూ వెంబడించకూడదు. అయితే ఆ సెట్టింగును ఒకసారి మార్చితే చాలు, రౌటర్‌కు అది కొత్త పరికరం. ఇంటి వైఫై వరకు ఆ సదుపాయాన్ని ఆపి పెట్టుకోవడం ఒక మార్గం. కొత్తగా కనిపించే ప్రతి పరికరానికీ కట్టడి ముందే వర్తించేలా చేసి, ఇంట్లోవాళ్ల తెలిసిన పరికరాలకు సడలింపు ఇవ్వడం ఇంకా గట్టి మార్గం.

మరో చిక్కు ఐపీవీ6, అంటే ఐపీ చిరునామాల కొత్త పద్ధతి. పాత ఐపీవీ4 పద్ధతిలో ఇంట్లో ఒక కంప్యూటర్‌కు ఒక చిరునామా. ఐపీవీ6లో ఒకే కార్డుకు ఒకేసారి పలు చిరునామాలుంటాయి, వాటిలో కొన్ని గోప్యత కోసం తరచూ మారిపోతుంటాయి. ఐపీవీ6 వాడకంలో భారతదేశం ప్రపంచంలో ముందు వరుసలో ఉంది, జియో వంటి నెట్‌వర్క్‌లు దాన్ని విస్తారంగా ఇస్తున్నాయి. కాబట్టి మన ఇళ్లలో ఇది ఊహాజనితమైన ఇబ్బంది అనుకోవడానికి వీల్లేదు. ఐపీవీ4 చిరునామా మీద రాసిన నియమాన్ని పట్టించుకోకుండా కంప్యూటర్ ఐపీవీ6 దారిన వెళ్లిపోతుంది. నియమాన్ని మ్యాక్ మీద రాస్తే రెండు దారులూ మూతపడతాయి.

ఇన్ని చిక్కులు వద్దనుకుంటే ఆ కంప్యూటర్‌కు వేరే వైఫై పేరు ఇవ్వడం మంచిది. రెండో పేరుతో నెట్‌వర్క్ నడిపి, దానికే నియమాలు పెట్టే వీలు కొన్ని రౌటర్లలో ఉంది. అప్పుడు యంత్రాన్ని గుర్తుపట్టే పనిని పాస్‌వర్డ్ చేస్తుంది. మొదటి పేరు పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్ వాడేవారికి తెలియకుండా ఉంటే చాలు.

హోస్ట్స్ ఫైలు

ఈ పనికున్న సాధనాల్లో అన్నిటికన్నా పాతది కంప్యూటర్‌లోనే ఉండే ఒక మామూలు అక్షరాల ఫైలు. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ కాలంలో కంప్యూటర్ల పేర్లకూ అంకెల చిరునామాలకూ ఒకే పట్టిక ఉండేది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన సమాచార కేంద్రం ఆ పట్టికను చూసుకునేది. కొత్త కంప్యూటర్ చేరినప్పుడల్లా ఆ కేంద్రానికి తెలియజేయాలి, మిగతావాళ్లు కొత్త పట్టికను తెచ్చుకోవాలి. కంప్యూటర్ల సంఖ్య పెరిగి అది మోయలేని భారమయ్యాక 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టమ్‌ను, అంటే డీఎన్ఎస్‌ను రూపొందించారు. ఒకే పట్టిక పోయి, అడిగితే జవాబిచ్చే సర్వర్ల వరుస వచ్చింది. పాత పట్టిక మాత్రం ప్రతి కంప్యూటర్‌లో హోస్ట్స్ ఫైలుగా మిగిలిపోయింది. మామూలుగా నేటికీ కంప్యూటర్ ముందు దాన్ని చూసుకున్నాకే బయటి సర్వర్‌ను అడుగుతుంది.

నిరోధానికి పనికొచ్చేది ముందు ఆ ఫైలును చూసే ఈ క్రమమే. విండోస్‌లో సిస్టమ్32 లోపల డ్రైవర్స్, దాని లోపల ఈటీసీ అనే ఫోల్డర్‌లోనూ, లైనక్స్, యాపిల్ మ్యాక్ కంప్యూటర్లలో నేరుగా ఈటీసీలోనూ ఈ ఫైలు ఉంటుంది. ఒక వరుసలో 0.0.0.0 అని రాసి, ఖాళీ వదిలి, ఆపాల్సిన సైటు పేరు రాస్తే ఆ కంప్యూటర్‌కు ఆ సైటు ఎక్కడా లేనట్టే. 127.0.0.1 అని రాసినా పని జరుగుతుంది. అప్పుడు కంప్యూటర్ ఆ సైటు కోసం తన తలుపే తాను తడుతుంది. మూడు డబ్ల్యూలతో ఉన్న పేరును ఒక వరుసలో, అవి లేని పేరును మరో వరుసలో, మొబైల్ రూపం పేరును ఇంకో వరుసలో విడివిడిగా రాయాలి. ‘దీని కింద వచ్చే పేర్లన్నీ’ అని చెప్పడం ఈ ఫైలుకు చేతకాదు. సైటులోని ఒక్క పేజీని ఆపడమూ చేతకాదు. రాశాక బ్రౌజర్‌ను మూసి తెరవాలి, లేకపోతే అది గుర్తుపెట్టుకున్న పాత జవాబుతోనే కాసేపు నడుస్తుంది.

ఇంత పాతదైనా, ఒక్క కంప్యూటర్‌కు నాలుగైదు సైట్లు ఆపాలన్నంత వరకు దీనికి మించిన సులువైన మార్గం లేదు. రౌటర్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, మ్యాక్ చిరునామాల గొడవ లేదు, మిగతా ఇంటిమీద ప్రభావం లేదు. ఒక్క షరతు ఉంది. ఆ ఫైలును మార్చడానికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు కావాలి, కాబట్టి పిల్లలు వాడే ఖాతా మామూలు ఖాతాగా ఉండాలి. మన ఇళ్లలో ఒకే ఖాతా పెట్టి, దానికే అన్ని హక్కులూ ఇచ్చి అందరూ వాడటం అలవాటు. ఆ అలవాటు మార్చనంత వరకు కంప్యూటర్‌లో పెట్టే ఏ కట్టడీ నిలవదు.

రౌటర్‌లోని నియమాలు

2002 చివర్లో లింక్‌సిస్ సంస్థ అమ్మకానికి తెచ్చిన డబ్ల్యూఆర్‌టీ54జీ ఇళ్ల రౌటర్ల చరిత్రలో గుర్తుంచుకోదగ్గది. అందులోని యాక్సెస్ రెస్ట్రిక్షన్స్ పేజీలో ఒక విధానానికి పేరు పెట్టి, అది ఏ కంప్యూటర్లకు వర్తిస్తుందో మ్యాక్ లేదా ఐపీ ద్వారా చెప్పి, ఏ రోజుల్లో ఏ వేళల్లో అన్నది ఎంచుకుని, ఆపాల్సిన సైట్ల పేర్లు, మాటలు రాసే వీలుండేది. మన విషయానికి కావలసిన అంశాలన్నీ ఒకే పేజీలో ఉండేవి. దాని సాఫ్ట్‌వేర్‌లో లైనక్స్ ఉన్నందున 2003లో మూలకోడ్ బయటికి వచ్చింది. దానిమీద 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. అది ఈనాటికీ ఎన్నో రకాల రౌటర్లలో నడుస్తోంది.

ఈనాటి రౌటర్లలో అదే సదుపాయం పేరెంటల్ కంట్రోల్స్ అనే పేరుతో ఉంటుంది. జర్మనీలో ఎక్కువగా వాడే ఫ్రిట్జ్‌బాక్స్‌లో ప్రతి పరికరానికీ ఒక ప్రొఫైలు తగిలించవచ్చు. సమయం అయిపోయిన పిల్లలకు 45 నిమిషాలు అదనంగా ఇచ్చే టికెట్లను కూడా అది తయారు చేసి పెడుతుంది. ఇంట్లో మాటామాటా పెరగకుండా చూసే ఆలోచన అందులో ఉంది. మన దేశంలో కనెక్షన్‌తో పాటు వచ్చే పెట్టెల్లో ఈ పేజీలు కొన్నిసార్లు దాచి ఉంటాయి, లేదా అడ్మిన్ పాస్‌వర్డ్ కేబుల్ ఆపరేటర్ దగ్గరే ఉండిపోతుంది. అలాంటప్పుడు ఆ పెట్టె వెనక సొంత రౌటర్ ఒకటి పెట్టుకుని, ఆ పెట్టెలోని వైఫైని ఆపించి, ఇల్లంతా కొత్త రౌటర్ మీద నడిపించుకోవచ్చు.

డబ్ల్యూఆర్‌టీ54జీ నాటి రౌటర్ సైటు పేరును ఎలా చూసేది? అప్పట్లో వెబ్ రాకపోకలు బట్టబయలుగా సాగేవి. ఏ సైటు, అందులో ఏ పేజీ అన్నది ప్రతి అభ్యర్థనలో చదవగలిగేలా ఉండేది. అందుకే మాటలను బట్టి ఆపడమూ కుదిరేది, దానివల్ల అనర్థాలూ వచ్చేవి. ఇంగ్లండ్‌లోని స్కన్‌థోర్ప్ అనే ఊరివాళ్లు 1996లో ఏఓఎల్ సేవలో ఖాతా తెరవలేకపోయారు. ఆ ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాట అక్షరాలు వరుసగా ఉన్నాయన్నదే కారణం. మాటల వడపోతలో ఇలాంటి తప్పిదాలకు ఆ ఊరి పేరే స్థిరపడింది.

రాకపోకలను గుప్తీకరించే హెచ్‌టీటీపీఎస్ వ్యాపించాక రౌటర్‌కు పేజీ వివరం కనిపించకుండా పోయింది. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు బ్రౌజర్ పంపే సైటు పేరు ఒక్కటే బయటికి కనిపిస్తుంది. ఈ ఏర్పాటును ఎస్‌ఎన్‌ఐ అంటారు, 2003 నాటి ప్రమాణం. దీని పర్యవసానాన్ని మన ఇళ్లలో రోజూ చూస్తున్నాం. ఇంటర్ చదువుతూ ఈఏపీసెట్‌కు తయారయ్యే అబ్బాయి కంప్యూటర్‌లో యూట్యూబ్‌ను ఆపితే సినిమా క్లిప్పులతో పాటు ఫిజిక్స్ పాఠాలూ ఆగిపోతాయి. తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ పాఠాలు కూడా యూట్యూబ్‌లో ఉన్నాయి. ఆ వీడియో కావాలి, ఈ వీడియో వద్దు అని చెప్పే చూపు రౌటర్‌కు లేదు. ఆపిన సైటు తెరిచినప్పుడు ‘ఇంట్లో దీన్ని ఆపారు’ అన్న మర్యాదైన పేజీ చూపించడమూ దానికి సాధ్యం కాదు. ఆ సైటు ధ్రువపత్రం రౌటర్ దగ్గర ఉండదు కాబట్టి బ్రౌజర్ భయపెట్టే హెచ్చరిక చూపిస్తుంది, లేదా పేజీ ఊరికే తిరుగుతూ ఉంటుంది. కంప్యూటర్ పాడైందని కంగారు పడనక్కర్లేదు, నిరోధం పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

ఐపీ చిరునామా పట్టి సైటును ఆపాలని చూడటం దాదాపు ఎప్పుడూ తప్పే. పెద్ద సైట్లకు చిరునామాలు లెక్కలేనన్ని, అవి మారుతుంటాయి. చిన్న సైట్లేమో వేల సంఖ్యలో ఒకే చిరునామా వెనక ఉంటాయి. ఒకదాన్ని కొడితే పక్కవాటికి తగులుతుంది.

ఇంట్లోనే డీఎన్ఎస్

పేరు అడిగినప్పుడే జవాబు ఇవ్వకుండా ఉండటం ఇంకో దారి. దీనికి ప్రసిద్ధమైన సాధనం పై-హోల్. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. ప్రకటనలను ఆపడానికి పుట్టినా, 2020లో వచ్చిన ఐదో రూపంలో గుంపుల సదుపాయం చేరింది. కంప్యూటర్లను ఐపీ లేదా మ్యాక్ ద్వారా గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో నిషేధ జాబితా తగిలించవచ్చు. హాల్లోని కంప్యూటర్ ఒక్కదాన్నే ఒక గుంపులో పెడితే మన పని అయిపోయినట్టే. హోస్ట్స్ ఫైలుకు చేతకాని పని, అంటే ఒక పేరు కింద వచ్చే అన్ని పేర్లనూ ఒక్క నియమంతో ఆపడం, ఇక్కడ కుదురుతుంది. యాడ్‌గార్డ్ హోమ్ కూడా ఇదే కోవకు చెందింది.

జాబితాలు తయారు చేసుకునే ఓపిక లేనివారు ఆ ఒక్క కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ చిరునామాను మార్చుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ 2020లో మొదలుపెట్టిన 1.1.1.3 హానికర సైట్లను, అశ్లీల సైట్లను ఆపుతుంది. ఓపెన్‌డీఎన్ఎస్ ఫ్యామిలీషీల్డ్‌కు 208.67.222.123. ఫలానా సైటు అని మనం చెప్పే వీలు వీటిలో లేదు, వాళ్లు కూర్చిన రకాలే ఆగుతాయి. సొంత జాబితా కావాలంటే నెక్స్ట్‌డీఎన్ఎస్ వంటి సేవలు ఒక్కో పరికరానికి వేరే గుర్తింపు ఉన్న డీఎన్ఎస్ చిరునామా ఇస్తాయి. దాంతో బయటి సేవకు కంప్యూటర్లు విడిగా కనిపించవన్న ఇబ్బంది తొలగుతుంది. ఆ కంప్యూటర్ ఊరికి తీసుకెళ్లినా కట్టడి వెంటే వెళ్తుంది.

దాచి అడిగే డీఎన్ఎస్

ఈ మొత్తం పద్ధతిని తలకిందులు చేసిన మార్పు 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8484గా వచ్చిన డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్. అప్పటిదాకా పేర్ల ప్రశ్నలు 53వ పోర్టులో తెరిచిన ఉత్తరాల్లా వెళ్లేవి. దారిలోని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. కొత్త పద్ధతిలో అవి మామూలు వెబ్ రాకపోకల్లో కలిసిపోయి, గుప్తంగా, బ్రౌజర్ నుంచి నేరుగా బయటి సర్వర్‌కు పోతాయి. మొజిల్లా 2020 ఫిబ్రవరి నుంచి అమెరికాలోని ఫైర్‌ఫాక్స్ వాడకందారులకు దీన్ని ముందస్తు అమరికగా ఇచ్చింది. నిఘా ఉన్న చోట బతికేవారికి ఇది నిజమైన రక్షణ. ఇంట్లో పై-హోల్ పెట్టుకున్నవారికి మాత్రం ఆ కంప్యూటర్ ప్రశ్నలు వాళ్ల సర్వర్‌ను దాటి వెళ్లిపోతున్నాయి.

ఇంటి నిర్వాహకులకు ఒక చిన్న తలుపు తెరిచి ఉంచారు. ఫైర్‌ఫాక్స్ ఒక ప్రత్యేక డొమైన్ పేరును ఇంటి డీఎన్ఎస్‌ను అడిగి చూస్తుంది. ‘ఆ పేరు లేదు’ అన్న జవాబు వస్తే ముందస్తుగా పెట్టిన గుప్త పద్ధతిని వాడదు. పై-హోల్ ఆ జవాబు తానే ఇస్తుంది. వాడేవారు స్వయంగా ఆన్ చేసుకుంటే మాత్రం ఈ ఏర్పాటు చెల్లదు. ఆండ్రాయిడ్‌లోని ప్రైవేట్ డీఎన్ఎస్ ప్రధానంగా వాడే పద్ధతికి 853 అనే వేరే పోర్టు ఉంది కాబట్టి దాన్ని రౌటర్‌లో మూసేయవచ్చు. హెచ్‌టీటీపీఎస్ పద్ధతికి 443నే వాడతారు. దాన్ని మూస్తే ఇంటర్నెట్టే మూతపడుతుంది. ఎస్‌ఎన్‌ఐలో కనిపించే సైటు పేరును కూడా దాచే ఈసీహెచ్ అనే పద్ధతి 2023లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకు చేరింది. అది అన్ని సైట్లకూ విస్తరించేకొద్దీ రౌటర్ మీద ఆధారపడిన నిరోధం బలం తగ్గుతూనే ఉంటుంది.

బ్రౌజర్‌లో, ఆపరేటింగ్ సిస్టమ్‌లో

ఇవన్నీ చూశాక కట్టడి మళ్లీ కంప్యూటర్ దగ్గరికే వస్తోందని అర్థమవుతుంది. పూర్తి చిరునామా గుప్తీకరణ లేకుండా కనిపించేది ఒక్క బ్రౌజర్‌కే. క్రోమ్‌లో యూఆర్‌ఎల్ బ్లాక్‌లిస్ట్, ఫైర్‌ఫాక్స్‌లో వెబ్‌సైట్ ఫిల్టర్ అనే విధానాలున్నాయి. ఆఫీసుల కోసం చేసినవే అయినా ఇంటి కంప్యూటర్‌లోనూ పెట్టుకోవచ్చు. సైటులోని ఒక విభాగాన్ని మాత్రం ఆపి మిగతాది వదలడం వీటితోనే కుదురుతుంది. యూట్యూబ్ సమస్యకు దగ్గరి పరిష్కారం ఇదీ, దాంతోపాటు యూట్యూబ్ రెస్ట్రిక్టెడ్ మోడ్. ఆ మోడ్‌ను గూగుల్ ఇచ్చిన ప్రత్యేక పేరు ద్వారా ఇంటి డీఎన్ఎస్ నుంచి కూడా తప్పనిసరి చేయవచ్చు. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలోని వెబ్ వడపోత ఎడ్జ్ బ్రౌజర్‌లో పనిచేస్తుంది. యాపిల్ స్క్రీన్ టైమ్ 2019 నుంచి మ్యాక్ కంప్యూటర్లకూ వచ్చింది.

దుకాణం లెక్కల కంప్యూటర్ విషయంలో నిషేధ జాబితా కన్నా అనుమతి జాబితా మేలు. ట్యాలీ, జీఎస్‌టీ పోర్టల్, బ్యాంకు సైటు, మెయిలు తప్ప మరేవీ తెరుచుకోకుండా చేస్తే, రేపు పుట్టబోయే మోసపు సైట్ల గురించి కూడా దిగులుండదు. పెట్టేటప్పుడు మాత్రం ఓపిక కావాలి. ఒక బ్యాంకు పేజీ తెరుచుకోవడానికి వేర్వేరు డొమైన్ల నుంచి అక్షరాలు, బొమ్మలు, భద్రతా పరీక్షలు రావాలి. వాటిలో ఒకటి జాబితాలో లేకపోయినా లాగిన్ బటన్ పలకకపోవచ్చు. విండోస్ అప్‌డేట్ల పేర్లు మరిచిపోతే భద్రత పెంచబోయి తగ్గించినట్టవుతుంది. వారం రోజులు ఏవేవి ఆగుతున్నాయో చూసుకుంటూ జాబితాను సరిదిద్దాలి.

వీపీఎన్, పక్కవాళ్ల వైఫై, ఫోన్ హాట్‌స్పాట్ – ఈ మూడూ ఇంటి నెట్‌వర్క్‌లోని ఏ నియమాన్నైనా దాటిస్తాయి. హాట్‌స్పాట్‌కు రౌటర్ దగ్గర మందు లేదు, ఆ రాకపోక రౌటర్‌ను తాకనే తాకదు. కంప్యూటర్‌లో పెట్టిన కట్టడి ఒక్కటే అక్కడ నిలుస్తుంది.

నమోదుల సంగతి

ఇంట్లో డీఎన్ఎస్ పెట్టుకున్నవారు మొదటివారంలోనే ఒక సంగతి గమనిస్తారు. ఒక్క కంప్యూటర్‌ను కట్టడి చేయాలని పెట్టిన సర్వర్, ఇంట్లో ప్రతి ఒక్కరూ ఏ వేళ ఏ సైటుకు వెళ్లారో వరుసగా రాసిపెడుతుంది. అమ్మ చదివిన వైద్య సమాచారం, అన్నయ్య వెతికిన ఉద్యోగాలు, అతిథి ఫోను – అన్నీ ఆ పట్టికలో ఉంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వ్యక్తిగత, గృహ అవసరాలకు ఒక వ్యక్తి చేసే పనులను తన పరిధి నుంచి మినహాయించింది. కాబట్టి అక్కడ హద్దు గీయాల్సింది ఇంటివాళ్లే. పై-హోల్‌లో గోప్యతా స్థాయిలు నాలుగున్నాయి. పై స్థాయిల్లో సైట్ల పేర్లను, అడిగిన పరికరాలను పట్టికలో దాచేస్తుంది, నిరోధం మాత్రం యథాప్రకారం పనిచేస్తుంది. నియమాలు కుదిరి, సరిదిద్దుకోవడం పూర్తయిన రోజున ఆ స్థాయిని పెంచి, అప్పటిదాకా పేరుకున్న నమోదులను చెరిపేయడం సరైన పద్ధతి.